ఇంట్లో దేవుడి గది ఉంది, దీపం పెట్టే తీరికే లేదు. మీరెట్లా సర్దుకుంటున్నారు?

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
ఈ సంగతి రాద్దామా వద్దా అని వారం రోజులుగా నాన్చుతున్నా. మేముండేది డల్లాస్ దగ్గర, వచ్చి పదకొండేళ్లయింది. పోయినేడు ఇల్లు కొన్నాం. దేవుడికి విడిగా ఒక గది. టేకు మందిరం ఇండియా నుంచి ఓడలో తెప్పించినాం. వెండి కుందులు, వెండి పళ్లెం, వెండి గంట, అన్నీ అమిరినాయి. పోయిన నెలలో ఆ గది తలుపు తీసి దీపం పెట్టింది మాత్రం మూడంటే మూడుసార్లు. పొద్దున ఆరున్నరకే ఇండియా టీమ్‌తో కాల్. అది కాగానే పిల్లోడి బస్సు, ఆఫీసు, సాయంత్రం వాడి ఈత క్లాసు, వంట, రాత్రి మళ్లీ కాల్. టీవీలో భక్తి పాటలు పెట్టుకుని దోసెలు పోయడమే నా పూజ అయిపోయింది.

పోయిన శనివారం మావాడి స్నేహితుడొకడు ఇంటికొచ్చినాడు. వాడికి ఇల్లంతా తిప్పి చూపిస్తూ, దేవుడి గది ముందు నిలబడి "ఇది మా అమ్మ వెండి పెట్టుకునే రూమ్" అని చెప్పినాడు. ఎనిమిదేళ్ల పిల్లోడు, కల్లాకపటం లేకుండా చెప్పినాడు. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నా. చేతిలో తువాలు అట్లే ఉండిపోయింది.

ప్రొద్దుటూరులో మా జేజికి దేవుడి గది లేదు. వంటింటి గోడలో మసిపట్టిన గూడు, అందులో వెంకటేశ్వరస్వామి పటం, ఒక ఇత్తడి కుంది. ఆ గూటికి దండం పెట్టకుండా ఆమె పొయ్యి వెలిగించిన రోజు నాకు గుర్తులేదు. ఆ ఇంట్లో ఏడుగురు మనవళ్లు, మనవరాళ్లం పెరిగినాం. ఎవరమూ దాన్ని ఇంకో పేరుతో పిలవలేదు.

ఊరు వదిలి వేరే దేశంలోనో, వేరే రాష్ట్రంలోనో ఉన్నవాళ్లు చెప్పండి. ఏ దేవుణ్ని మొక్కేవాళ్లయినా సరే.

రాయచోటి_రాజా
అక్కా, వాడు చూసింది వాడు చెప్పినాడు. వాణ్ని మాత్రం ఏమీ అనొద్దు.

కారందోసె_కడప
ఆ పిల్లోడు ఈసారి కడపకొస్తే రెండు కారం దోసెలు నా లెక్కలో. ఎర్రకారం తక్కువ వేయిస్తాలే.

పెన్నా_ఒడ్డున
అమ్మా, నేను కడపలో బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ని. మాట కటువుగా ఉంటే మన్నించు. తీరిక లేదంటే నేనొప్పుకోను. ఇల్లు వెతకడానికి, లోన్ తేవడానికి, ఓడలో మందిరం తెప్పించడానికి దొరికిన తీరిక, దీపం ముందు రెండు నిమిషాలు నిలబడటానికి దొరకలేదా? మీ జేజికి పని తక్కువుండిందా? ఏడుగురు పిల్లలు, బావి నుంచి నీళ్లు, కట్టెల పొయ్యి. తీరిక ఆమెకూ లేదు. ఆమె దేవుణ్ని పని మధ్యలో పెట్టుకుంది. మనం పనులన్నీ అయ్యాక చూద్దాం లెమ్మంటున్నాం.

అనంత_టు_ఆస్టిన్
సార్, సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. ఇక్కడ పని మానుకునే వీలు మా చేతిలో లేదు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోపల ఇంకో కంపెనీ దొరకాలి, లేకుంటే వీసా స్టేటస్ మార్చుకోవాలి, అదీ లేకుంటే పిల్లల్ని బడి మాన్పించి సామాను సర్దుకోవాలి. పోయినేడు నాకు ఆ 60 రోజులు నడిచినాయి. 47వ రోజు ఆఫర్ వచ్చింది. అన్నాళ్లూ రోజూ గుడికి పోయినా. ఉద్యోగం వచ్చిన నెలకు మానేసినా. పని వదలకపోవడం డబ్బు మీద ఆశ అని మీరనుకుంటారేమో. నేనైతే టెన్షన్ అంటా. రాత్రి పన్నెండుకు లాప్‌టాప్ మూసేవాడిది ఆశే అని తేల్చేస్తే ఎట్లా?

పెన్నా_ఒడ్డున
నాయనా, టెన్షన్ ఉన్నప్పుడు రోజూ గుడికి పోయినావు, అది తగ్గినాక మానేసినావు. నువ్వు రాసిందే. మరి తీరిక ఎప్పుడు ఎక్కువుండింది?

అనంత_టు_ఆస్టిన్
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు సార్. ఆలోచిస్తా.

బురుజు_కింద
నాది కర్నూలు, కొండారెడ్డి బురుజు దగ్గర ఇల్లు. ఇప్పుడు లండన్‌లో ఉంటున్నా. అక్కా, మీరు ఏ దేవుడైనా సరే అన్నారు కాబట్టి రాస్తున్నా.

కర్నూలులో నమాజుకు టైమ్ వెతుక్కునే పని లేదు. అజాన్ వినబడుతుంది, పక్కింటి చిన్నాయన చెప్పులేసుకుంటాడు, మన కాళ్లు మనకు తెలియకుండానే ఆయన వెంట పోతాయి. ఇక్కడ గుర్తు చేసేది ఫోన్ ఒక్కటే. దాన్ని ఒక వేలితో ఆపేయొచ్చు. పైగా ఈ దేశంలో పొద్దు మన ఊరి పొద్దు కాదు. జూన్‌లో సూర్యుడు తొమ్మిది దాటినాక దిగుతాడు. ఇషా, అంటే రాత్రి నమాజు, చదివి పడుకుంటే కంటి నిండా నిద్ర పట్టకముందే ఫజర్, తెల్లవారుజాము నమాజు. డిసెంబర్‌లో తిరగబడుతుంది. నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా చదివే జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ ఆఫీసు టైమ్‌లోనే వచ్చి పడతాయి.

మొదటి రెండేళ్లు చలికాలంలో అన్నీ ఇంటికి పోయి ఖజా చదివేవాణ్ని. అంటే టైమ్ దాటినాక బాకీ తీర్చినట్టు. కొన్నాళ్లకు ఆ బాకీ కూడా తీర్చడం మానేసినా. ఒకరోజు ఆఫీసు మెట్ల కింద, ఫైర్ డోర్ వెనక, కోటు పరుచుకుని చదువుతున్నా. నమాజు చివర సలాం చెప్పి తల తిప్పేసరికి మా మేనేజరు కాఫీ కప్పుతో నిలబడి ఉంది. నా ప్రాణం గొంతులోకొచ్చింది. ఆమె "ఇంత చలిలో ఇక్కడెందుకు, మూడో అంతస్తులో చిన్న రూమ్ ఖాళీగా ఉంటుంది కదా" అనింది. అంతే. రెండేళ్లుగా నేను అడగనే లేదు. తప్పనిసరిగా చదవాల్సిన (ఫర్జ్) నాలుగు రకాతుల నమాజుకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఇన్నాళ్లూ నాకు అడ్డమొచ్చింది పని కాదు, నలుగురిలో వేరేగా కనబడతానేమో అనే సిగ్గు. అక్కా, మీకు కూడా పని కాకుండా ఇంకేదైనా అడ్డం ఉందేమో చూసుకోండి.

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
తమ్ముడూ, ఈ చివరి మాట దగ్గర ఆగిపోయినా. ఉంది. సాయంత్రం కాల్స్‌లో వీడియో ఆన్ చేయాలి. కుంకుమ పెట్టుకుని కూర్చుంటే ఎవరన్నా అడుగుతారేమోనని పూజ రేపటికి, ఎల్లుండికి జరిపినా. ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

జమ్మలమడుగు_సిస్టర్
పైన తమ్ముడు రాసింది చదివి నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. నేను కువైట్‌లో నర్సు. మా తాతల కాలంలో లండన్ మిషన్ వాళ్లు జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టినారు. మా ఇంట్లో నర్సు చదువు అట్లా మొదలైంది. ఇక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అందుకని ఆరాధన శుక్రవారమే. సిటీలోని చర్చి ఆవరణలో ఒక గదిలో తెలుగు, పక్క గదిలో మలయాళం, ఇంకో గదిలో తమిళం. ఒక పాట ఇంకో పాటలో కలిసిపోతా ఉంటుంది. నాకు నెలలో రెండు శుక్రవారాలు డ్యూటీ. మిగతా రెంటిలో ఒకటి ఓవర్‌టైమ్.

ఆ ఓవర్‌టైమ్ గురించే చెప్పాలి. ఎవరూ బలవంతం చేయలేదు. ఊర్లో స్థలం కొన్నాం, దాని కంతులు కట్టాలి. తర్వాత దాని మీద ఇల్లు. తర్వాత ఆ ఇంటికి మేడ. ఒక్కో శుక్రవారం ఒక్కో గదిగా మారిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంటుంది, మేడ మీద గదులకు తాళం.

చిన్నప్పుడు మా ఊరి చర్చిలో కోత పండుగ జరిగేది. ఎవరి పొలంలో, పెరట్లో పండింది వాళ్లు తెచ్చి ముందు పెట్టేవాళ్లు. గుమ్మడికాయలు, జొన్నకంకులు, చెనిక్కాయల మూట, కాళ్లు కట్టిన కోడి. ఆరాధన అయినాక వేలం. మా నాయన వేసిన సొరకాయను మా నాయనే వేలంలో పాడి ఇంటికి తెచ్చేవాడు. ఎందుకు నాయనా, మనదే కదా అంటే, ఇప్పుడది మనది కాదు, దేవునిది, కొనుక్కుంటున్నాం అనేవాడు. నేనిప్పుడు దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, చర్చికి ఫోన్‌లో పంపిస్తా. ఒక్క నెల తప్పలేదు. కానీ ఆ సొరకాయ నా చేతిలో ఉన్నట్టు ఉండదు.

పెన్నా_ఒడ్డున
అమ్మా, మీ నాయన మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నా.

మైదుకూరు_మల్లి
ఫోన్‌లో పంపడం తక్కువేమీ కాదక్కా. నేను పుణెలో ఉంటా. మా గోత్రనామాలు చెప్పి ఆన్‌లైన్‌లో అర్చన చేయిస్తా. అక్కడ పూజారికి జీతం, ఇక్కడ నాకు నెమ్మది. అందరూ దాన్ని తీసిపారేస్తారు, నాకు బాధేస్తుంది. రాలేనివాళ్లకు అదే గడప.

రాయచోటి_రాజా
మల్లి చెప్పింది నిజమే, రాలేనివాళ్లకు అదే దారి. కానీ డబ్బు పంపడంలో ఇంకో సంగతుంది. నా అనుభవం చెప్తా.

నేను కువైట్‌లో ఒకరింట్లో డ్రైవర్‌ని, పద్నాలుగేళ్లుగా. సిస్టర్‌కు రెండు శుక్రవారాలన్నా దొరికినాయి, నాకు శుక్రవారమే ఎక్కువ తిప్పుడు. ఇంటిల్లిపాదీ చుట్టాలిండ్లకు పోతారు. నాకు రూమ్‌లో పటం పెట్టుకునే వీలు లేదు. పర్సులో వీరభద్రస్వామి బొమ్మ ఒకటుంది, మూలలు నలిగిపోయినాయి. పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు ఒకసారి తీసి కళ్లకద్దుకుని లోపల పెడతా. పది సెకన్లు. పద్నాలుగేళ్లలో తప్పింది రెండు రోజులు, జ్వరమొచ్చి.

మా ఊర్లో గుడికి గాలిగోపురం కట్టాలన్నారు. గల్ఫ్‌లో ఉన్నోళ్లు ఎక్కువియ్యాలన్నారు. ఇచ్చినా. రెండు నెలల జీతం. తర్వాత రాతిపలక వేసినారు, ఎక్కువిచ్చినోని పేరు పైన, తక్కువిచ్చినోని పేరు కింద. నాది ఐదో వరస. నా పైనోడు నాకంటే చిన్నోడు, ఖతార్‌లో ఉంటాడు. సెలవుకు పోయినప్పుడు స్వామిని చూడకముందే నేను ఆ పలకనే చూసినా. పైకి పోవాలంటే ఇంకెంతియ్యాలని లెక్కేసినా. గర్భగుడి ముందు నిలబడి కూడా ఆ లెక్కే. తిరిగి కువైట్‌కొచ్చి బండిలో కూర్చుని పర్సు తీసినప్పుడు సిగ్గేసింది. ఆ బొమ్మ మీద ఎవరి పేరూ లేదు.

కారందోసె_కడప
రాజా అన్నా, నీ పోస్టుకు ఏం రాయాలో తెలీలేదు. అందుకే ఈ రెండు లైన్లు.

బురుజు_కింద
రాజా అన్న రాసిందానికి దగ్గరిదే, మాకు జకాత్ ఉంది. ఏడాది పాటు మన దగ్గర నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర ఇయ్యాలి. బంగారానికి కనీస హద్దు 87.48 గ్రాములు, వెండికి 612.36 గ్రాములు. మేం హనఫీ సంప్రదాయం వాళ్లం, మాకు ఇంట్లో ఆడవాళ్లు వేసుకునే నగలు కూడా లెక్కలోకొస్తాయి. రంజాన్‌లో నేనూ మా ఆవిడా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటాం. పేరుకు దానం లెక్కే, కానీ ఇంట్లో ఎంత పోగేసినామో ఆ కాగితం చెప్తుంది. మొదటిసారి రాసినప్పుడు మా ఆవిడ "ఇంతుందా?" అనింది. ఆ ఏడాది అక్షయ తృతీయ ఆఫర్లని బంగారం షాపు వాళ్లు మెసేజ్ పెడితే ఇద్దరం నవ్వుకుని డిలీట్ చేసినాం.

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
మా ప్రొద్దుటూరు దగ్గర బంగారం మాటెత్తితే ఎట్లా తమ్ముడూ, ఊరు ఊరంతా బంగారం అంగళ్లే! అమ్మవారిశాలలో దసరాకు అమ్మవారి అలంకారం చూడటానికి పోయి, పక్కావిడ హారం చూసొచ్చే ఊరు మాది. అయినా నీ కాగితం పద్ధతి బాగుంది. మా దగ్గర అట్లాంటి లెక్క ఏదీ లేకపోవడం వల్లనేమో, ఎంతుందో మాకే తెలీదు.

గూగూడు_మొక్కు
నేనుండేది బెంగళూరులో. రెండు వందల కిలోమీటర్లకు పరాయి దేశమేంది అనకండి, మా పిల్లలు కన్నడంలో కలలు కంటారు. నాది అనంతపురం జిల్లా నార్పల మండలం. గూగూడు కుళ్లాయిస్వామి పేరు వినే ఉంటారు. మొహర్రంకు హిందువులు, ముస్లింలు కలిసి పీర్ల ముందు చక్కెర చదివిస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. మా వంశంలో హిందువుల ఇళ్లల్లోనే ముగ్గురు కుళ్లాయప్పలున్నారు.

మా కంపెనీలో మొహర్రంకు ఒక్కరోజే సెలవు. మాకు కావాల్సింది రెండు, మూడు రోజులు, అది కూడా రాత్రిళ్లు. లీవ్ ఫామ్‌లో "సొంత పని" అని రాసేవాణ్ని. మా అమ్మాయి అది చూసి "నాన్నా, స్వామి సొంత పనా?" అని అడిగింది. ఇప్పుడు "ఊరి పండుగ, మొక్కు" అని రాస్తున్నా. పక్క సీటు కూర్గ్ అతను చదివి, వచ్చే ఏడు నన్నూ తీసుకుపో అన్నాడు.

పెన్నా_ఒడ్డున
ఇట్లాంటివి మన సీమలోనే చూడాలి. ఉగాది పొద్దున దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి పోండి. ముస్లిం ఆడవాళ్లు, మగవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వరసలో నిలబడతారు. స్వామి పెండ్లాడినాడని చెప్పుకునే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు. అల్లుడింటికి పండుగనాడు పోయినట్టే బియ్యం, బేడలు, చింతపండు భత్యంగా తెస్తారు. రెండు సంస్కృతుల మధ్య బతకడం మనకు డల్లాస్‌లో కొత్తగా వచ్చిందేం కాదు.

అనంత_టు_ఆస్టిన్
సార్, అది ఒకే ఊరు, ఒకే భాష. పిల్లలకు చూస్తూ చూస్తూ అబ్బింది. ఇక్కడ ప్రతిదీ విడమరిచి చెప్పాలి. వినాయక చవితి ఇండియాలో రేపైతే మాకు ఈరోజెందుకని పిల్లలడిగితే, తిథి ప్రపంచమంతా ఒకే క్షణంలో మొదలవుతుంది, మన గడియారంలో అది పది పదకొండు గంటల ముందే పడుతుంది, మధ్యాహ్నానికి చవితి ఏ రోజు ఉందో చూడాలి అని చెప్పేసరికి వాళ్లు వీడియో గేమ్‌లోకి పోయినారు.

మైదుకూరు_మల్లి
మీరు చెప్పే తీరుకు నేనైనా పోతా అన్నా 😀 ఉండ్రాళ్లు చేతికివ్వండి, తిథి తర్వాత చెప్పొచ్చు.

అనంతపురం_పెద్దమ్మ
నాకు తెలుగులో టైపు చేయడం మా పక్కింటి పిల్ల నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి. నా కొడుకు కెనడాలో, కూతురు సింగపూర్‌లో. మీరందరూ మీ వైపు నుంచి చెప్పినారు, మా వైపు నుంచి ఒకటి చెప్తా.

పండుగనాడు వీడియో కాల్ చేస్తారు. అమ్మా, నీ దీపం చూపించు అంటారు. చూపిస్తా. అక్కడ వాళ్ల చేతిలో ఆఫీసు బ్యాగు ఉంటుంది. నేనేమీ అనను. ఒకసారి కూతురు "నేను చేయలేకపోతున్నా, పాపమా అమ్మా" అని ఏడ్చింది. నాకేం చెప్పాలో తెలీలేదు. ఊరికే కూర్చుని వత్తులు చేస్తా ఉంటే చూస్తా ఉండమన్నా. గింజ తీసిన పత్తిని వేళ్లతో సాగదీసి, చిటికెడు విభూది అద్దుకుని, అరచేతుల మధ్య పులిమితే వత్తి. మనసు ఇంకోచోట ఉంటే దారం తెగుతుంది, లావొక చోట, సన్నమొక చోట వస్తుంది. అరగంట చూసింది. ఫోన్ పెట్టేటప్పుడు "అమ్మా, నాకు పంపిస్తావా" అనింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి డబ్బా పంపిస్తా. అందులో తొంభై లెక్కపెట్టి వేస్తా, రోజుకొకటి. వెలిగించినావా అని నేనడగను. డబ్బా అయిపోయిందని ఆమే ఫోన్ చేస్తుంది. ఒకసారి ఐదు నెలలకు చేసింది. ఈసారి మూడు నెలల పది రోజులకు.

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
పెద్దమ్మా, మా జేజి కూడా సరిగ్గా అట్లాగే చేసేది. విభూది డబ్బా పక్కన పెట్టుకుని. చదువుతుంటే ఆమె చేతుల వాసనొచ్చింది నాకు.

రాయచోటి_రాజా
పెద్దమ్మా, మీరు అడగకపోవడమే గొప్ప.

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
రెండు వారాలకు మళ్లీ వస్తున్నా. ఏం చేసినానో చెప్తానని అనుకోలేదు, కానీ మీరంతా ఇంత రాసినాక చెప్పకుండా ఉండలేకపోయినా.

వెండి సామాను బీరువాలోకి పోయింది. మందిరం అట్లే ఉంది, శుక్రవారం తెరుస్తా. వంటింట్లో స్టవ్‌కు ఎడమపక్క అరలో కాఫీ కప్పులు తీసేసి, అమ్మ దగ్గరున్న జేజి గూటిలోని వెంకటేశ్వరస్వామి పటాన్ని ఫోటో తీయించి ఫ్రేమ్ కట్టించి పెట్టినా. ముందర ఇత్తడి కుంది. పొద్దున ఆరూ ఇరవైకి దీపం, ఆరున్నరకు కాల్, కుంకుమతోనే. వారం తర్వాత ఒకామె నుదుటి మీద ఏంటని అడిగింది. చెప్పినా. సరేనని మీటింగ్ మొదలుపెట్టింది.

పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు పెట్టినా. మూడు రోజులు తప్పినాయి. మొదటి రోజు అగరుబత్తి పొగకు స్మోక్ అలారం మోగి మావాడు నిద్ర లేచొచ్చినాడు. కుర్చీ ఎక్కి అలారం కింద తువాలు ఊపింది వాడే. అప్పట్నుంచి అగరుబత్తి మానేసినా, దీపం ఒక్కటే. నిన్న పొద్దున నేను కాల్‌లో ఉంటే మెల్లగా పక్కకొచ్చి "అమ్మా, నూనె అయిపోతోంది, పోయాలా?" అని సైగ చేసినాడు. మ్యూట్ చేసి, పోయ్ నాన్నా, నిండా పోయొద్దు అని చెప్పినా.

పెన్నా_ఒడ్డున
పదకొండు తక్కువేం కాదు తల్లీ. మొదట్లో నేను కొంచెం గట్టిగా మాట్లాడినా.

ప్రొద్దుటూరు_ఆడబిడ్డ
మీరు అట్లా అనకపోయుంటే నేను బీరువా దాకా పోయేదాన్ని కాదు సార్.

జమ్మలమడుగు_సిస్టర్
నేను కూడా ఒకటి చేసినా. వచ్చే నెల ఓవర్‌టైమ్ శుక్రవారం రాయించుకోలేదు. మా అమ్మకు చెప్తే, మేడ మీద గది తాళంచెవి ఎక్కడో పోయిందిలే, నువ్వొచ్చినాక వెతుకుదాం అనింది.

రాయచోటి_రాజా
నాకు చైత్రంలో సెలవు మంజూరైంది. ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో. పదేళ్లయింది చూసి. ఎవరన్నా ఊర్లో ఉంటే చెప్పండి.

కారందోసె_కడప
నేనుంటా అన్నా. కడప నుంచి బండి నాది.

పెన్నా_ఒడ్డున
జనం బాగా వస్తారు, సాయంత్రం నాలుగుకే చేరుకోవాలి. నేను దుప్పటి పరిచి జాగా పట్టి పెడతా.

బురుజు_కింద
ఆ వారం నేను కర్నూలులోనే ఉంటా. పెద్దదర్గాకు పోవాలని మా అమ్మీ మొక్కు, ఎట్లాగూ కడపకు రావాల్సిందే. ఒంటిమిట్టకు నేనూ రావచ్చా?

పెన్నా_ఒడ్డున
దుప్పటి పెద్దదే నాయనా.

అనంతపురం_పెద్దమ్మ
ప్రొద్దుటూరు అమ్మాయీ, నీ అడ్రసు ఇక్కడ రాయకుండా నాకు విడిగా పంపు. పోయిన ఆదివారం పత్తి తెచ్చినా. తొంభై వేస్తా.